పసుపు పిళ్ళారి పట్టుకెళ్ళిన తాళంచెవి

పోయిన వారం సీతాలక్ష్మిని మనం ఆమె కారు వెనకాల నిలబెట్టి వచ్చేశాం. ఆమె ఇంకా అక్కడే నిలబడి ఉంది.

సంగతి మరిచిపోయిన వారికి మళ్ళీ చెబుతాను. ఈ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు సింధూరి పెళ్ళికి జానవాసం. పెళ్ళికొడుకు సాయి తేజను వినాయకుడి గుడి దగ్గర కారెక్కించి, మేళంతో చాకలిపేట వీధుల్లో ఊరేగించి కల్యాణ మండపానికి తీసుకురావాలి. ఆ కారు తన పెదనాన్న శివరామ్ వాడిన పచ్చ ఫియట్ అయి ఉండాలనీ, దాన్ని పెద్దమ్మ సీతాలక్ష్మే నడపాలనీ సింధూరి పట్టుబట్టింది. శివరామ్ పోయి నాలుగేళ్ళయింది. భర్త లేని మనిషి పెళ్ళికొడుకు కారు నడపడం ఏమిటని సింధూరి తండ్రి ఏకాంబరం, అంటే సీతాలక్ష్మికి మరిది, ఇల్లు అదిరేలా గొడవపడ్డాడు. చివరికి కూతురి కన్నీళ్ళు చూడలేక, "వేళకు కారు గుడికాడికి వస్తే సరి. రాలేదంటే నేను అద్దె కారు పిలిపిస్తా" అని ఒప్పుకున్నాడు.

ఆ ఒప్పుకోలు సంతోషం ఒక్క పూట కూడా నిలవలేదు. పందిరి వాళ్ళు వీధిలో పడేసిన రేకు ముక్క కారు ముందు టైరును పక్క నుంచి చీల్చేసింది. అతుకు వేయడానికి లేదు. అంత పాత కారుకు సరిపోయే టైరు చుట్టుపక్కల ఏ కొట్టులోనూ లేదు. మంచి టైరున్న స్టెప్నీ డిక్కీలో ఉంది. డిక్కీకి తాళం వేసి ఉంది. తాళంచెవి సముద్రంలో ఉంది.

సముద్రంలోకి ఎలా వెళ్ళిందంటే, అది ఆ ఇంటి అలవాటు చేసిన పని. సీతాలక్ష్మి మామగారు పసుపుకొమ్ముల వ్యాపారి. ఆయన ఏ మంచి పని మొదలుపెట్టినా పసుపుతో పిళ్ళారిని, అంటే వినాయకుణ్ణి చేసి, ఆ బొజ్జలో కొట్టు తాళంచెవి గుచ్చి పూజ చేసేవారు. పని జరిగినంతసేపూ తాళం దేవుడి చేతిలో ఉన్నట్టు లెక్క. నిన్న ఉదయం సీతాలక్ష్మి కారుకు పూజ చేసింది. కారు నడిపే తాళంచెవికి పెద్ద రింగు ఉంది, గుచ్చితే పిళ్ళారి ఒరిగిపోతున్నాడు. అందుకని చిన్నదిగా ఉన్న డిక్కీ తాళంచెవి గుచ్చింది. అది కూడా వంకరగా నిలబడుతోందని చుట్టూ ఇంకొంచెం పసుపు మెత్తింది. మెత్తీ మెత్తీ తాళంచెవి కనపడకుండా పోయింది. సాయంత్రం పిళ్ళారిని పూలతో సహా ఆకులో పెట్టుకుని కాసిమేడు సముద్రపు ఒడ్డుకు వెళ్ళి, అలల్లో వదిలి, లెంపలు వేసుకుని, తృప్తిగా ఇంటికి వచ్చింది. తాళంచెవి గుర్తుకు వచ్చేసరికి పిళ్ళారి ఏ ఓడ కిందకు చేరాడో ఎవరు చెప్పగలరు?

ఇప్పుడు డిక్కీ ముందు గొంతు కూర్చుని ఉన్నవాడు ఆంటో. వెనక సందులో షెడ్డున్న మెకానిక్కు. పాత తాళంచెవులు ఒక బిస్కెట్ డబ్బా నిండా తెచ్చి, ఒక్కొక్కటే పెట్టి తిప్పి చూశాడు. తీగ వంచి లోపలికి పోనిచ్చి చూశాడు. చెవి ఆనించి కూడా చూశాడు.

"ఇది మామూలు తాళం కాదు మా, ఇటలీ తాళం" అన్నాడు చివరికి, చెమట తుడుచుకుంటూ.

"ఇన్నాళ్ళు నేను చిటికెలో తీసిన తాళం ఈ దినం ఇటలీ తాళం అయిపోయిందా?"

"తాళంచెవి ఉంటే అన్నీ మన ఊరి తాళాలే మా. నా మాట వినండి. గడ్డపార పెట్టి ఒక్క ఎత్తు ఎత్తినానంటే..."

"రేకు వంగిపోతుంది. ఆ డిక్కీ మీదనే కదరా పెళ్ళికూతురి పేరు, పెళ్ళికొడుకు పేరు పూలతో కట్టాల. అందరూ ఫోటోలు తీసేది వెనక నుంచే."

"సరి, డ్రిల్లు వేస్తా. చిన్న బొక్క."

"బొక్క కనపడదా?"

"బొక్కలో రోజాపువ్వు పెడదాం మా. డిజైన్ అనుకుంటారు."

సీతాలక్ష్మికి కోపం రావలసింది. నవ్వు వచ్చింది. నవ్వుతూనే ఎండ వైపు చూసింది. ఎదురింటి గోడ మీద నీడ సగానికి ఎక్కింది. పొద్దు వాలుతోంది.

అప్పుడే సందు మొదట్లో పట్టుచీర రెపరెప కనిపించింది. వస్తున్నది దమయంతి. ఏకాంబరం భార్య, సీతాలక్ష్మికి తోడికోడలు, పెళ్ళికూతురి తల్లి. మండపంలో నూరు పనులు పెట్టుకుని పెళ్ళికూతురి తల్లి ఇలా ఒంటరిగా నడిచి వస్తోందంటే మంచి కబురు కాదని సీతాలక్ష్మికి అర్థమైంది.

"ఏందే, చుట్టాలందర్నీ ఆడ వదిలేసి ఈడికొచ్చినావు?"

దమయంతి గుమ్మం పక్కన అరుగు మీద కూర్చుంది. తలలో మల్లెపూల దండ సవరించుకుంది. సవరించవలసిన అవసరమేమీ లేదు.

"ఒక మాట చెప్పి రమ్మన్నారుక్కా."

"చెప్పు."

"అద్దె కారు వచ్చేసింది. తెల్లది, పైన తెరిచినట్టుండేది. ఇంక అక్కను కష్టపడొద్దని చెప్పు అన్నారు."

"కష్టపడొద్దన్నాడా, రావద్దన్నాడా?"

"రెండూ ఒకటే కదక్కా."

"ఒకటి కాదు దమయంతీ."

ఆంటో చూపు తన డబ్బాలోని తాళంచెవుల మీదకు దించుకున్నాడు. సీతాలక్ష్మి గొంతు పెంచలేదు. పెంచే అలవాటు ఆమెకు లేదు. తడిగుడ్డతో కారు అద్దం తుడుస్తూనే మాట్లాడింది.

"మీ బావగారు పొయినప్పట్నించి మన ఇంట్లో ఏ శుభకార్యమైనా నాకొక కుర్చీ వేస్తారు. ఏడ వేస్తారు? వంటగది పక్కన. మర్యాదగానే వేస్తారు, కాదనను. ఫ్యాను తిప్పి పెడతారు. కాఫీ తెచ్చిస్తారు. ఎవురూ ఒక మాట అనరు. నేనాడ కూచోని మేళం వింటాంటా. గట్టిగా వాయించినారంటే సరి, తాళి కట్టినారు అనుకుంటా. మీ పిల్ల ఒక్కతే వచ్చి నా చేయి పట్టుకొని, పెద్దమ్మా, నువ్వు ముందర కూచోవాల అనింది. నాకు నగలు వద్దు, చీర వద్దు. ఈ ఒక్క సాయంత్రం ముందర కూచోవాల. అంతే."

దమయంతి కొంగు అంచు వేలికి చుట్టుకుంది.

"నేనేమన్నా వద్దన్నానా అక్కా? ఆయన చెప్పమన్నారు, చెప్పినా."

"చెప్పినావు, బాగుంది. నువ్వేమనుకుంటాండావు?"

ఈ పెళ్ళి మాటలు మొదలైన దగ్గర నుంచి దమయంతిని ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. పందిరి ఎక్కడ వేయాలని అడగలేదు, వంటలు ఏం చేయించాలని అడగలేదు. ఏకాంబరం ఏది చెబితే దాన్ని మోసుకుని అటూ ఇటూ తిరగడంతోనే ఆమెకు సరిపోయింది.

"నన్నడిగితేనా?" అని చుట్టూ చూసింది. "నన్నడిగితే, ఆ తెల్ల కారు నాకు నచ్చలే. దాని నెత్తిన ప్లాస్టిక్ నెమలి పెట్టినారు. దాని కండ్లలో లైట్లు వెలిగి ఆరతాండాయి. మా అల్లుణ్ణి దాని కింద కూచోబెట్టి తీసుకురావాలంట."

"నెమలి కండ్లలో లైట్లా?" ఆంటో ఆసక్తిగా తల ఎత్తాడు.

"నువ్వు నీ పని చూడరా" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"నా పని ఆగిపోయింది మా. గడ్డపార వద్దంటారు, డ్రిల్లు వద్దంటారు. డిక్కీ ఎట్ల తెరిచేది? నేనేం బల్లినా, సందులో దూరిపోయేదానికి?"

దమయంతి ఆ మాటకు ఉలిక్కిపడినట్టు చూసింది. తర్వాత నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. వేళ్ళ సందుల్లోంచి నవ్వు బయటపడింది.

"డిక్కీలోకి పోయేదానికి తాళం ఎందుకురా? సింధూరి పోలా?"

"సింధూరి డిక్కీలోకి పోయిందా? ఎప్పుడు?" అంది సీతాలక్ష్మి.

"చిన్నపిల్లప్పుడు. తిరుత్తణి కొండకు పొయినాం చూడు, అందరం ఈ కార్లోనే. అత్త అరిసెలు చేసి డబ్బాకి ఎత్తి డిక్కీలో పెట్టింది. ఆడ దిగి చూస్తే సగం డబ్బా ఖాళీ."

సీతాలక్ష్మికి ఆ రోజు బాగా గుర్తుంది. డిక్కీ తాళంచెవి శివరామ్ జేబులో ఉండింది. ఇంకెవరు తింటారు? దేవుడికి నైవేద్యం పెట్టకముందే తిన్నావా, ఇంత వయసొచ్చి ఆగలేకపోయావా అని అత్తగారు మెట్లెక్కుతున్నంతసేపూ తిడుతూనే ఉంది. సీతాలక్ష్మి కూడా తన వంతు తిట్టింది. శివరామ్ ఎదురు చెప్పలేదు. ఆకలేసిందమ్మా అన్నాడు, అంతే.

"అది సింధూరి పనా?"

"వెనక సీట్లో నిద్రపోతాంది అనుకుంటిమి కదా, సీటు వీపుకు వెనకాల దూరింది. ఆడ అట్ట ఒక మూల ఊడి ఉంది. ఆ సందులోంచి డిక్కీలోకి చెయ్యి పెట్టి, తలకాయ పెట్టి, మొత్తం దూరి తినేసి మళ్ళా వచ్చి పడుకొనింది. దించేటప్పుడు చూస్తే గౌను నిండా నువ్వులు."

"మరి నువ్వు చెప్పలేదే?"

"చెప్పబోతిని అక్కా. బావగారు కూడా ఆ నువ్వులు చూసినారు. అత్త ముందర నా దిక్కు చూసి, వద్దని కండ్లతోనే సైగ చేసినారు. పిల్ల గౌను ఆయనే దులిపినారు. నన్ను తిడితే నాకేమీ కాదమ్మా, దాన్ని తిడితే కొండ మీద ఏడుస్తాది అన్నారు."

సీతాలక్ష్మి తడిగుడ్డను కారు పైకప్పు మీద పెట్టి, దాని పక్కనే అరచేయి ఆనించింది. ఎండకు రేకు వెచ్చగా ఉంది. నాలుగేళ్ళుగా ఆ మనిషి గురించి తెలిసినవన్నీ తెలిసిపోయాయనీ, ఇక కొత్తగా తెలియడానికి ఏమీ మిగల్లేదనీ అనుకుంటూ వచ్చింది. ఇప్పుడు జానవాసం సాయంత్రం, టైరు చిరిగిన కారు పక్కన, ఆయన గురించి ఒక కొత్త సంగతి తెలిసింది. ఏడవాలని అనిపించలేదు. కడుపు నిండినట్టు అనిపించింది.

"నేను కూడా తిట్టినా కదే ఆయన్ని" అంది. "తిండిపోతా అని. ఇంటికొచ్చి కూడా తిట్టినా."

"ఆయన నవ్వుకున్నారులే అక్కా."

ఆంటో అప్పటికే కారులో దూరాడు. వెనక సీటు మెత్తను పైకి ఎత్తి బయటికి లాగాడు. దాని కింద దువ్వెన ముక్కలు, జడపిన్నులు, ఎండిపోయిన నిమ్మకాయ ఒకటి బయటపడ్డాయి. సీటు వీపును రెండు చేతులతో పట్టుకుని పైకి తోస్తే కొక్కేల్లోంచి ఊడి వచ్చింది. వెనకాల దమయంతి చెప్పిన అట్ట ఉంది. ఊడిన మూల ఇంకా ఊడే ఉంది. మిగతా మేకులు పీకి అట్టను పక్కకు తీస్తే చీకటి, పాత రబ్బరు వాసన, పెట్రోలు వాసన.

"ఇప్పుడు లోపలికి పోయి, డిక్కీ మూతకు లోపలి పక్క గొళ్ళెం ఉంటుంది, దాన్ని పక్కకు నెట్టాల" అన్నాడు ఆంటో. అని తన భుజం లోపలికి పెట్టాడు. భుజం పట్టింది, పొట్ట పట్టలేదు. వెనక్కి వచ్చి, ఊపిరి బిగబట్టి మళ్ళీ ప్రయత్నించాడు. పొట్టకు ఊపిరితో సంబంధం లేదని తేలింది.

సీతాలక్ష్మి మోకాళ్ళ సంగతి అందరికీ తెలిసిందే. కింద కూర్చుంటే లేపడానికి ఒక మనిషి కావాలి.

ఇద్దరూ మెల్లగా దమయంతి వైపు తిరిగారు.

"నన్నెందుకు చూస్తారు?" అంది దమయంతి.

ఆంటో పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

"నేను పెళ్ళికూతురి తల్లిని!"

"పెళ్ళి తిరుగుళ్ళలో చిక్కి సగమైపోయినావు కదే" అంది సీతాలక్ష్మి.

"కంచిపట్టక్కా ఇది! ఇంకా మడత కూడా పోలే!"

"వద్దులే. పట్టు పాడైపోతుంది. పోయి తెల్ల కారు ముందర నిలబడు. నెమలి కింద ఫోటో తీసుకుందువు."

దమయంతి తోడికోడలి వైపు కోపంగా చూసింది. తర్వాత హారం తీసి ఆమె చేతిలో పెట్టింది. కొంగు నడుముకు బిగించింది. సీతాలక్ష్మి లోపలి నుంచి దుప్పటి తెచ్చి ఆమె చుట్టూ చుట్టింది. పెళ్ళికూతురి తల్లి మూటలాగా తయారై, "మురుగా" అనుకుంటూ, తలవంచి కారు వెనక చీకట్లోకి దూరింది. బయట కాళ్ళు మాత్రం మిగిలాయి, పారాణి పెట్టుకుని, మెట్టెలతో.

ఆంటో ఫోను లైటు వేసి పట్టుకున్నాడు.

"కనపడతాందా మా?"

"బూజు కనపడతాంది."

"ఎదురుగా నడిమధ్యలో చూడండి. ఇనప నాలుక ఉంటుంది. దాన్ని కుడిపక్కకు తొయ్యండి."

"కుడిపక్క అంటే నాదా, కారుదా?"

ఆంటో తన చేతులు చూసుకుని, కారు చుట్టూ ఒకసారి తిరిగివచ్చి, "ఏ పక్కకైనా తొయ్యండి మా, ఒక పక్కకు పోతుంది" అన్నాడు.

"ఏ పక్కకూ పోలే. తుప్పు పట్టిపొయ్యింది."

సీతాలక్ష్మి కొబ్బరినూనె సీసా తెచ్చి కాళ్ళ పక్క నుంచి లోపలికి అందించింది. లోపల కాసేపు గొణుగుడు వినిపించింది. నూనె సీసా కింద పడిన శబ్దం. "అయ్యో పట్టు" అన్న మాట. ఇనుము మీద ఇనుము గీసుకున్న చప్పుడు. తర్వాత, ఎవరూ అనుకోనంత తేలికగా, టక్ మంది.

డిక్కీ మూత తనంత తానే పైకి లేచింది. లోపల స్టెప్నీ పక్కన, దుప్పటి మూటలోంచి, దమయంతి ముఖం. మల్లెపూల దండ చెవి మీదకు జారింది. ముక్కు మీద నల్లటి మరక. వెలుతురుకు కళ్ళు చికిలించి చూసింది.

"ఏమక్కా, కాఫీ ఏమన్నా ఇస్తావా?"

సీతాలక్ష్మి నవ్వింది. ఆ నవ్వు ఆగలేదు. కారు అంచు పట్టుకుని, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. దమయంతి లోపల కూర్చునే నవ్వింది. ఆంటో మాత్రం స్టెప్నీని తట్టి చూసి, "గాలి తక్కువుంది, కొట్టుకోవచ్చు" అని తన షెడ్డుకు పరుగెత్తాడు, పంపూ జాకీ తేవడానికి.

తర్వాత పనులు చకచకా జరిగిపోయాయి. చక్రం మారింది. చివరి నట్టును సీతాలక్ష్మి తన చేత్తోనే బిగించింది. శివరామ్ నేర్పించినట్టు కాలితో స్పానర్‌ను తొక్కి మరీ బిగించింది. సీటు మళ్ళీ కూర్చుంది. బంతిపూల దండలు ఎక్కాయి. డిక్కీ మీద ఇద్దరి పేర్లూ పూలతో కుదిరాయి. ఇంజను ఒకసారి దగ్గి, పలికింది. వీధి దీపాలు ఇంకా వెలగలేదు. వేళ మించలేదు.

దమయంతి ఫోను మోగింది. ఏకాంబరం. ఆయన ఫోనులో మాట్లాడితే పక్కింటికి కూడా వినిపిస్తుంది.

"ఏమే, వదినకు చెప్పినావా?"

"చెప్పినానండి."

"ఏమనింది?"

దమయంతి తన పట్టుచీర మీద నూనె మరక చూసుకుంది. సీతాలక్ష్మి వైపు చూసింది.

"కారు రెడీగా ఉందండి. నేను ముందర సీట్లో, అక్క పక్కన కూచోని వస్తాండా. ఇద్దరం గుడికాడికే వస్తాం. మీరు ఆ నెమలిని పంపించేయండి."

పెళ్ళయిన నాటి నుంచి ఆమె ఆయనతో ఇలా మాట్లాడటం సీతాలక్ష్మి వినలేదు. ఏకాంబరం కూడా విని ఉండడు. ఫోనులో వెనక మేళగాళ్ళ శ్రుతి వినిపిస్తోంది. అయినా ఆయన గొంతులో కోపం లేదు. భయం ఉంది.

"అది కాదే. ఈడ ఇంకొకటి జరిగింది. అల్లుడి అమ్మగారు తెల్ల కారు చూసి, ఇదేనా మీరు చెప్పిన పచ్చ కారు అని అడిగినారు. నేను దాచలేక ఉన్నది ఉన్నట్టు చెప్పేసినా. ఆ కారు నడిపేది మా వదిన, మా అన్న లేడు, అందుకని మార్చినామండి అని. ఆమె బాగుందని అనలే, బాగలేదని అనలే. మీ వదినగారి ఇల్లు ఎక్కడ అని అడిగి కారెక్కి పొయినారు. ఆడికే వస్తాండారు."

ఆయన మాట పూర్తయ్యేలోపే సందులోకి ఒక కారు తిరిగింది. మెల్లగా వచ్చి, ఫియట్ ఎదురుగా ఆగింది. అందులోంచి సునయన దిగింది. సాయి తేజ తల్లి. విజయవాడ నుంచి వచ్చి కొన్నేళ్ళుగా ఈ ఊళ్ళోనే ఉంటున్నా, ఆ వీధిలో ఎప్పుడూ అడుగుపెట్టని మనిషి. చేతిలో గుడి నుంచి తెచ్చిన పళ్ళెం. అందులో కుంకుమ, పసుపు, పూలు.

పళ్ళెంలో కుంకుమ కనిపిస్తే పక్కకు తప్పుకోవడం సీతాలక్ష్మికి అలవాటైపోయింది. ఎవరూ చెప్పక్కరలేదు, కాళ్ళే వెనక్కి వెళతాయి. ఇప్పుడు కూడా మడమ ఒకటి కదిలింది.

"సీతాలక్ష్మిగారంటే ఎవరండీ?" అంది సునయన.

"నేనేనమ్మా."

సునయన ఆమెను, ఆమె చేతులకున్న నల్లటి నూనెను, పక్కనే ముక్కు మీద మరకతో నిలబడ్డ తన వియ్యపురాలిని చూసింది. ముఖంలో ఏమీ తెలియలేదు.

"మా అబ్బాయి కూర్చునే కారు మీరే నడుపుతారటగా. దాని గురించి మీతో ఒక మాట మాట్లాడాలండీ. అందరిముందూ ఎందుకు, లోపలికి వెళదామా?"

దమయంతి సీతాలక్ష్మి చేయి గట్టిగా పట్టుకుంది. సీతాలక్ష్మి ఆ చేతిని మెల్లగా విడిపించుకుని, కారు చుట్టూ నడిచి వెళ్ళి, డ్రైవరు వైపు తలుపు తెరిచి, దాని పక్కన నిలబడింది.

"ఏమీ అనుకోవద్దమ్మా" అంది నవ్వుతూనే. "లోపలికి రమ్మంటే మటుకు రాలేను. ఏ మాటైనా సరే, ఈడనే చెప్పండి."

సునయన పళ్ళెం ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంది.

"సరేనండీ, ఇక్కడే చెబుతాను" అని, ఫియట్ వైపు అడుగు వేసింది. ఆ మాటేమిటో మనం వచ్చే వారం విందాం.